ఫాదర్ కానోళ్ళు థియాలజీ చదివితే జీతం ఎవరియ్యాలె?

మా నల్గొండ దిక్కు ఒక పిల్లగాడు థియాలజీ చదువుత అంటే "ఫాదర్ అయితవా బిడ్డా" అంటరు. ఆడపిల్ల అంటే "సిస్టర్లల్ల చేరుతవా" అంటరు. ఆ రెండూ కాదు, పెండ్లి చేసుకుంట, సంసారం చేసుకుంట, కానీ చదివేది మాత్రం దైవశాస్త్రమే, ఆ పాఠం చెప్పుకుంటనే బతుకుత అంటే ఇగ ఏం అడగాల్నో ఎవ్వరికీ తోచదు, ఆఖరికి వాళ్ళ నాయినో మేనమామో "మరి నౌకరి ఏమొస్తది" అంటడు. ఆ ప్రశ్నని నేను ఎన్నడూ చిన్నచూపు చూడలే. కూలి చేసి, వడ్డీకి తెచ్చి పిల్లల్ని చదివించేటోళ్ళు అడగాల్సిన ప్రశ్నే అది. నా బాధ ఏందంటే జవాబు చెప్పాల్సిన మేత్రాసనాలు, అంటే ఒక్కో బిషప్ గారి కింద ఉండే చర్చి ప్రాంతాలు, ఆ ప్రశ్న తమకు సంబంధించిందే కాదన్నట్టు కూసుంటయి.

నేను ఏమంటనో ముందే చెప్పేస్త. మన తెలుగు మేత్రాసనాలు గురువులు, అంటే ఫాదర్లు, కాని మనుషుల్ని, ముఖ్యంగా ఊర్లల్ల ఉన్న దళిత కతోలిక ఇండ్ల పిల్లల్ని, తమ ఖర్చుతో థియాలజీ పైచదువులు చదివించాలె. చదివొచ్చినంక నెలనెలా జీతమొచ్చే పోస్టు ఇయ్యాలె. సేవ అని, వాలంటీర్ అని చెప్పి శాలువా కప్పి పంపుడు బంద్ కావాలె.

నేను లెయిటీనే, అంటే ఫాదర్నో సిస్టర్నో కాదు, మామూలు విశ్వాసిని. నల్గొండల డిగ్రీ, బి.ఎడ్. చేసి ఆ తర్వాత బయట రాష్ట్రం పోయి థియాలజీ చదివిన, లైసెన్షియేట్ అనే పైడిగ్రీ దాకా పూర్తి చేసిన. ఇప్పుడు పగటిపూట ఒక స్కూల్ల ఇంగ్లీషు చెప్త, ఇల్లు ఆ జీతంతోనే నడుస్తది, సెలవులొస్తే సిస్టర్లు కాబోయేటోళ్ళకు శిక్షణ ఇచ్చే ఫార్మేషన్ హౌస్‌ల సువిశేషాల పాఠాలు చెప్త. రెండో పనికే నేను అసలు చదువుకున్నది, మొదటి పనే నాకు అన్నం పెడ్తది. ఈ మధ్య వాట్సాప్‌ల "అక్కా, నేను కూడ థియాలజీ చదవాలనుకుంటున్న, ఎట్ల" అని అడిగే పిల్లలు ఎక్కువైతున్నరు, ఒక్కొక్కరికి విడిగ చెప్పే బదులు ఇక్కడ రాస్తున్న.

ముందు చదువు సంగతి. కతోలిక సభల, అంటే మన చర్చిల, రెండు రకాల డిగ్రీలు నడుస్తయి. ఒకటి మామూలు యూనివర్సిటీ ఇచ్చే ఎం.ఏ., పీహెచ్.డీ. రెండోది రోమ్ అధికారం మీద ఇచ్చే సభా డిగ్రీలు, అంటే మొదట బ్యాచిలర్ ఇన్ థియాలజీ, ఎస్.టి.బి. అంటరు, దాని మీద లైసెన్షియేట్, దాని మీద డాక్టరేట్. మొదటి మెట్టు ఫిలాసఫీతో కలిపి ఐదేండ్లు, ఫిలాసఫీ ముందే అయిపోతే మూడేండ్లు, లైసెన్షియేట్ రెండేండ్లు, డాక్టరేట్ మాత్రం థీసిస్ ఎప్పుడు తెమిల్తే అప్పుడు. 1979ల రెండో జాన్ పాల్ పోపు పెట్టిన రూల్సు ఉండె, వాటి జాగల 2017 డిసెంబర్‌ల ఫ్రాన్సిస్ పోపు కొత్తవి సంతకం పెట్టిండు. ఫాదర్లను తయారు చేసే సెమినరీల ఫిలాసఫీ, థియాలజీ, సభా చట్టం చెప్పాలంటే లైసెన్షియేట్ అన్న ఉండాలె, డాక్టరేట్ అన్న ఉండాలె అని ఆ చట్టంల 253వ కానన్, అంటే 253వ సెక్షన్, చెప్తది. అంటే చట్టం ప్రకారం నా దగ్గర ఉన్న కాగితం సరిపోతది. చట్టం ప్రకారం అని ఎందుకంటున్ననో కింద చదివితే తెలుస్తది.

మన దేశంల ఈ చదువుకు పేరున్న జాగలు కొన్నే. పుణెల జ్ఞానదీప విద్యాపీఠ్ ఉంది, అది 1893ల శ్రీలంకల కాండీ పట్నంల పేపల్ సెమినరీగ మొదలై 1955ల పుణెకి వచ్చింది. ఢిల్లీల జెస్యూట్లు అనే గురువుల మఠం నడిపే విద్యాజ్యోతి, బెంగళూరుల ధర్మారాం, సెయింట్ పీటర్స్. మన హైదరాబాద్ రామంతాపూర్‌ల సెయింట్ జాన్స్ రీజనల్ సెమినరీ ఉంది కానీ అది గురువుల్ని తయారు చేసే ఇల్లు. పుణె, ఢిల్లీ, బెంగళూరు క్లాసుల్ల సిస్టర్లు ఉంటరు, కొద్దిమంది లెయిటీ కూడ ఉంటరు, తలుపేమీ మూసిలేదు. అయితే ఫాదర్ కావాల్సిన పిల్లగానికి టెంత్‌తోనో ఇంటర్‌తోనో మొదలుపెట్టి తిండి, బట్ట, ఫీజు, పుస్తకాలు, ఆఖరికి పండ్లు నొస్తే డాక్టరు ఖర్చు దాకా మేత్రాసనం చూసుకుంటది. వాడు మంచిగ చదివితే బిషప్ గారు పిలిచి రోమ్‌కు పంపుతరు, అక్కడ మిషన్ దేశాల కోసమే నడిచే ఉర్బానియానా ఉంది, స్కాలర్‌షిప్ ఉంటది, తిరిగొచ్చేసరికి కుర్చీ కాచుకొని ఉంటది. అదే బెంచి మీద కూసున్న లెయిటీ పిల్ల హాస్టల్ ఫీజు కోసం అన్నకు ఫోన్ చేస్తది. ఫాదర్లకు ఇచ్చేది తీసెయ్యమని నేను అంటలేను. ఇద్దరు రాసేది ఒకటే పరీక్ష అయినప్పుడు ఒకరి ఖర్చు సభ బాధ్యత, ఇంకొకరి ఖర్చు వాళ్ళ ఇంటి తలనొప్పి ఎట్లయితదని అడుగుతున్న.

ఇంకో చిక్కు ఉంది, పిల్లలకు ఇది ఎవరూ చెప్పరు. సభా డిగ్రీలు చాలావరకు యూజీసీ లెక్కలకు రావు. అంటే ఏండ్లకేండ్లు చదివినా సర్కారు కొలువు ముంగట నీ చేతుల ఉన్నది నల్గొండల చేసిన బీఏనో బీఎస్సీనో మాత్రమే. సర్కారు యూనివర్సిటీల నుంచి పోవాలంటే మద్రాస్ యూనివర్సిటీల క్రిస్టియన్ స్టడీస్ డిపార్ట్‌మెంట్ ఉంది, మైసూర్ యూనివర్సిటీల క్రిస్టియానిటీ పీఠం ఉంది, దాన్ని నిలబెట్టింది ఫాదర్ అమలోర్‌పవదాస్, బెంగళూరుల 1967ల ఎన్.బి.సి.ఎల్.సి.ని, అంటే బైబిల్, ఉపదేశం, ఆరాధనల జాతీయ కేంద్రాన్ని, మొదలుపెట్టినాయనే. యూజీసీ నెట్‌ల కంపారేటివ్ స్టడీ ఆఫ్ రెలిజియన్స్ అని ఒక సబ్జెక్ట్ ఉంది, అది రాసి పాసైతే కనీసం అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత అన్న చేతుల ఉంటది. ప్రొటెస్టెంటు సోదరులకు ఈ విషయంల మనకన్న నయం, సెరంపూర్ కాలేజీకి 1827లనే డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే హక్కు ఇచ్చిండు, 1918 చట్టంతోటి సెరంపూర్ సెనేట్ కింద దేశమంతట కాలేజీలు నడుస్తున్నయి. మన నల్గొండల బాప్టిస్టులు, పాలమూరుల మెన్నోనైట్ బ్రదరెన్ వాళ్ళు ముందు నుంచి ఉన్నరు కాబట్టి ఊర్లల్ల థియాలజీ అంటే పాస్టర్ ట్రైనింగ్ అనే అనుకుంటరు, కతోలికుల లెక్క ఎట్ల ఉంటదో మన పక్కింటోళ్ళకు గూడ తెల్వదు.

చదువు కష్టమా అంటే కష్టమే, కానీ జనం అనుకునే రకంగ కాదు. నేను తెలుగు మీడియం. మొదటి సెమిస్టర్ల క్లాసుల కేరళ, గోవా, మంగళూరు పిల్లలు ఇంగ్లీషుల వాదించుకుంటుంటే నేను నోరు తెరవకపోయేది, సెమినార్ పేపర్ తెలుగుల రాసుకొని రాత్రిపూట ఇంగ్లీషు చేసుకునేది. ఆ తర్వాత గ్రీకు మొదలైంది. లూఓ, లూఐస్, లూఐ అని క్రియలు బట్టీ పట్టేటప్పుడు అందరం ఒకటే స్థితిల ఉన్నం, ఎవ్వరి ఇంగ్లీషూ అక్కరకు రాలేదు. నామవాచకాల చివర్లు మారుకుంట పోతుంటే ఇంగ్లీషు మీడియం వాళ్ళు తల పట్టుకున్నరు, నాకు మాత్రం డు-ము-వు-లు ప్రథమా విభక్తి అని చిన్నప్పుడు చెవి మెలిపెట్టి నేర్పించిన తెలుగు సారు మీద అప్పుడు ప్రేమ పుట్టింది, ఎందుకంటే చివర మారితే అర్థం మారుతదనేది మనకు పుట్టుకతో వచ్చిన సంగతి. నకిరేకల్ నుంచో అచ్చంపేట నుంచో వచ్చిన పిల్లకు ఇది అందని చదువు అని ఎవరన్న అంటే నేను ఒప్పుకోను. అందనిది ఫీజు. బైబిల్ మీద పైచదువు చేస్తే గ్రీకు, హీబ్రూ రెండూ రావాలె, సభా పితరుల, అంటే తొలి శతాబ్దాల సభా రచయితల, దిక్కు పోతే లాటిన్ కావాలె, డాక్టరేట్‌కొచ్చేసరికి జర్మనో ఫ్రెంచో చదివి అర్థం చేసుకోవాలె. ఇవన్నీ కూలి పనికి పోకుండ కూసొని చదివే టైమ్ ఉంటే వస్తయి. ఆ టైమ్‌ను ఎవరో ఒకరు కొనియ్యాలె.

సరే, కొనిస్తే సభకు ఏమొస్తది? ఈ ప్రశ్న ఒక ఫాదర్ గారు నన్ను సూటిగనే అడిగిండ్రు, మంచి మనిషే, నిజంగ తెలుసుకోవాలనే అడిగిండ్రు. నేను ఆయనకు మర్రిగూడ దిక్కు ఒక ఊర్ల జరిగిన సంగతి చెప్పిన.

ఆ పక్క ఊర్లు అందరికీ ఎరుకే, ఫ్లోరైడ్ ఊర్లు. లీటరు నీళ్ళల్ల ఒకటిన్నర మిల్లీగ్రామ్ దాటొద్దని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తే మా దగ్గర బోర్లు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ పోసినయి, తరాల తరాలు ఆ నీళ్ళే తాగి నడుములు వంగినయి, మోకాళ్ళు దొడ్డిపోయినయి. ఇప్పుడు కృష్ణ నీళ్ళు వస్తున్నయి గానీ వంగిన ఎముక తిరిగి నిలబడదు. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్ నీరి సంస్థ తయారు చేస్తే ప్రపంచమంత దాన్ని నల్గొండ టెక్నిక్ అంటది. సైన్సు పుస్తకంల మా జిల్లా పేరు ఉంది. మా వంగిన నడుముల గురించి దైవశాస్త్రం ఏం చెప్పింది? ఆ ఊర్ల ఇంటి ప్రార్థనకు పోయినప్పుడు ఒక పెద్దమ్మ, ఆమె పెనిమిటి మంచంల నుంచి లేవలేడు, నా చెయ్యి పట్టుకొని "మేం ఏం పాపం చేసినమమ్మా, మా అయ్యలు చేసిండ్రా" అని అడిగింది. అంతకుముందు వారం ఎవరో బోధకుడు వచ్చి పాపం ఒప్పుకుంటే నడుము నిటారు అయితది అని చెప్పి పోయిండట. ఆయన లేవలేదు కాబట్టి పాపం ఇంకా ఏదో మిగిలింది అనుకుంట ఇద్దరూ కుమిలిపోతున్నరు.

యోహాను సువిశేషం 9వ అధ్యాయంల శిష్యులు యేసును అడిగింది అచ్చం ఇదే. పుట్టు గుడ్డివాన్ని చూపెట్టి, పాపం ఈయన చేసిండా, ఈయన్ని కన్నోళ్ళు చేసిండ్రా అని. ఈయనా కాదు, కన్నోళ్ళూ కాదు అంటడు యేసు. ఇక్కడిదాక అందరూ చెప్తరు. ఆ తర్వాతి మాటనే చిక్కు. మామూలుగ చదివితే దేవుని పనులు ఈయన్ల కనబడాలని ఇట్ల పుట్టిండు అన్నట్టు వస్తది, అంటే దేవుడు తన గొప్ప చూపెట్టుకునేతందుకు ఒకన్ని గుడ్డోన్ని చేసిండు అని. ఈ మాట ఆ పెద్దమ్మకు చెప్పే ధైర్యం నాకైతే లేదు. కానీ పాత గ్రీకు చేతిరాతల్ల ఇప్పటిలెక్క ఫుల్‌స్టాపులు, కామాలు లేవు, వాటిని తర్వాతోళ్ళు పెట్టిండ్రు. కొందరు పండితులు ఏమంటరంటే ఫుల్‌స్టాప్ ముందుకు జరపాలె, "ఈయనా పాపం చెయ్యలే, కన్నోళ్ళూ చెయ్యలే" అని అక్కడ ఆపి, "దేవుని పనులు ఈయన్ల కనబడాలంటే పొద్దు ఉండంగనే మనం నన్ను పంపినోని పని చెయ్యాలె" అని కలిపి చదవాలె అని. అందరు పండితులు ఒప్పుకోరు, ఎక్కువ బైబిళ్ళు ఇట్ల అచ్చెయ్యవు, అది కూడ ఆ ఇంట్ల చెప్పిన. అయినా అట్ల చదివి వినిపిస్తే ఆ పెద్దమ్మ కొద్దిసేపు ఊకుండి, "అంటే నీళ్ళు తెచ్చుడే దేవుని పని అన్నట్టేనా" అన్నది. ఆమె ఒక్కమాటల చెప్పిన వ్యాఖ్యానం ఏ లైబ్రరీల చూసినా నాకు దొరకలే. మంచంల ఉన్న పెద్దాయన మాత్రం ఏం అనలే, నాకు దాని మీద ఏం చెప్పాల్నో ఇప్పటికీ తెల్వది.

నేను గ్రీకు చదవకపోతే ఆ ఇంట్ల నేను చెప్పగలిగేది "ప్రార్థన చెయ్యండి" అనే. అందుకే సభకు ఏమొస్తది అంటే ఇదొస్తది. మా జిల్లా బాధని మా భాషల, మా ఇంటి గడపల కూసొని ఆలోచించే మనిషి వస్తది. 2023 నవంబర్‌ల ఫ్రాన్సిస్ పోపు రోమ్‌ల ఉన్న థియాలజీ అకాడమీ రూల్సు మారుస్తూ ఇదే చెప్పిండు, దైవశాస్త్రం మనుషులు బతికే జాగల నుంచి, వాళ్ళ పరిస్థితుల నుంచి మొదలు కావాలె అని. పాలమూరు నుంచి ముంబై, పుణె దాక బస్సులెక్కి వలసపోయే మేస్త్రీలు, వాళ్ళ పిల్లల జ్ఞానస్నానాలు ఎక్కడ అయితున్నయి, ఎవరు పాఠం చెప్తున్నరు అనేది కూడ థియాలజీ ప్రశ్ననే. రోమ్‌ల కూసున్నోళ్ళకు అది తట్టదు, తట్టాల్సిన అవసరం గూడ లేదు, అది మన పని.

మా తాత ఉపదేశి. ఈ మాట ఇప్పటి పిల్లలకు తెల్వకపోవచ్చు, అప్పట్ల ఫాదర్ గారు నెలకో పండుగకో వచ్చేటోళ్ళు, మిగిలిన రోజులు ఊర్ల సభ అంటే ఉపదేశే. సైకిల్ మీద ఊరూరు తిరిగి జపాలు నేర్పేది, ఆదివారం ప్రార్థన నడిపేది, చావైతే బొందలగడ్డ కాడ ఆయనే ప్రార్థన చెప్పేది. ఆయన దగ్గర ఎర్ర అట్ట నోటుపుస్తకం ఉండె, అంత్యక్రియల ప్రార్థనలు చేతిరాతతో రాసుకున్నది, వానకు తడిసి సిరా పారిన పేజీల మీద మళ్ళ దిద్దుకున్న అక్షరాలు ఉండేటియి. చిన్నపిల్ల చచ్చిపోతే చెప్పే ప్రార్థన కాడ ఆయన పక్కన పెన్సిల్‌తో రెండు వాక్యాలు సొంతంగ రాసుకున్నడు, తల్లికి చెప్పాల్సినవి. థియాలజీ అంటే నాకు మొదట తెలిసింది ఆ రెండు వాక్యాలే. జీతం? పంటకు కొన్ని వడ్లు, నెలకు ఇంత అని చిన్న మొత్తం. మోకాళ్ళు అరిగి సైకిల్ తొక్కుడు బందైననాడు అది కూడ బందైంది, పెన్షన్ లేదు. ఏ విచారణ, అంటే ఏ పారిష్, అని చెప్పను, ఆ మాటకొస్తే ఒక్క విచారణ కథ గూడ కాదు, ఉపదేశుల ఇండ్లల్ల ఎవరినన్న అడగండి. 2021 మే 10న ఉపదేశి పనిని ఫ్రాన్సిస్ పోపు అధికారికంగ ఒక పరిచర్యగ నిలబెట్టిండు. సంతోషం. మా తాత ఉంటే ఏడ్చేటోడు. కానీ పరిచర్య అని పేరుపెడ్తే పొయ్యి మండుతదా?

ఇక్కడ నేను కొత్తగ అడిగేది ఏమీ లేదు, సభ తన చట్టంల తనే రాసుకున్నది. 231వ కానన్ ఏమంటదంటే, సభ సేవల స్థిరంగ ఉండే లెయిటీకి తమ స్థితికి తగ్గ జీతం, సామాజిక భద్రత, ఆరోగ్య సదుపాయం పొందే హక్కు ఉంది. హక్కు అనే రాసింది, దయ అని రాయలే. 229వ కానన్ లెయిటీ సభా యూనివర్సిటీల పైచదువులు చదివి డిగ్రీలు పొందొచ్చు, పాఠం చెప్పే అనుమతి పొందొచ్చు అంటది. ఇవి 1983 చట్టంలయి. అంతకుముందే రెండో వాటికన్ మహాసభ 1965 డిసెంబర్ 7న ఇచ్చిన గౌదియుమ్ ఎత్ స్పేస్ పత్రం 62వ పేరాల, లెయిటీల చాలామంది దైవశాస్త్రం నేర్చుకోవాలె, కొందరు దాన్నే వృత్తిగ పెట్టుకోవాలె అని ఆశపడ్డది, పరిశోధించే స్వేచ్ఛ, ఆలోచించే స్వేచ్ఛ, వినయంతో ధైర్యంగ చెప్పే స్వేచ్ఛ గురువులకూ లెయిటీకీ ఇద్దరికీ ఉండాలె అన్నది. వృత్తిగ పెట్టుకోవాలె అంటే మరి వృత్తికి కూలి ఉండాలె గదా.

నేను లైసెన్షియేట్ చేసి వచ్చినంక ఒక సంస్థల పోస్టు అడిగిన. పేరు అనవసరం. క్లాసులు తప్పకుండ ఇస్తం, మీలాంటోళ్ళు కావాలె అన్నరు, నాకు మస్తు సంబురమైంది. ఏడాది చివర్ల స్టేజి మీద శాలువా కప్పిండ్రు, ఒక జపమాల, ఒక కవర్ ఇచ్చిండ్రు. కవర్ల ఉన్నది నా బస్ చార్జీలకు సరిపోయింది. అదే సంస్థల అదే సబ్జెక్ట్ చెప్పే ఫాదర్ గారికి రూము, భోజనం, బండి, ఇన్సూరెన్స్ ఉన్నయి, ఆయన చాలా కష్టపడి చెప్తరు, ఆయన మీద నాకు ఏ కోపం లేదు. స్థిరమైన పోస్టు గురించి అడిగితే "మీకు ఫ్యామిలీ ఉంది గదా, సార్ సంపాదిస్తున్నరు గదా" అన్నరు. ఒక ఆడమనిషి చదువు ఖరీదు ఆమె పెనిమిటి జీతం చూసి కట్టుడు ఏం న్యాయం? సియెన్నా కత్తెరీనమ్మ, ఆవిలా తెరేసమ్మ, చిన్న తెరేసమ్మ, హిల్డెగార్డ్, ఈ నలుగురు ఆడవాళ్ళకు సభ బోధకులు అని బిరుదు ఇచ్చింది, మొదటి ఇద్దరికి 1970లనే. మన దేశంల షాలిని ములక్కల్ సిస్టర్ విద్యాజ్యోతిల ప్రొఫెసర్‌గ చేసింది, ఇండియన్ థియలాజికల్ అసోసియేషన్‌కు మొదటి మహిళా అధ్యక్షురాలు అయింది. ఆమెలాంటి సిస్టర్లకు వెనక మఠం ఉంటది. మఠం లేని ఆడదానికి?

డబ్బులెక్కడియి అంటరు, ప్రతిసారి అదే మాట. రెండు తెలుగు రాష్ట్రాల్ల కలిపి లాటిన్ రీతి, అంటే రోమ్ పూజా పద్ధతి పాటించే, మేత్రాసనాలు 12 ఉన్నయి. ఒక్కో మేత్రాసనం ఒక్కరిని పంపినా పన్నెండుమంది అయితరు. ఇంగ్లీషు మీడియం స్కూళ్ళు నడుపుతున్నం, దవాఖానలు నడుపుతున్నం, జూబిలీ వస్తే కమాన్లు, గ్రోటోలు కడ్తున్నం. మా నల్గొండ మేత్రాసనం 1976ల ఏర్పడింది, యాభై ఏండ్ల పండుగ పేరు మీద ఏదో ఒక బిల్డింగు లేవొచ్చు. ఆ బిల్డింగు ఖర్చుల చిన్న భాగంతో ఒకరి చదువు మొత్తం అయితది.

ఇంకొందరు పైకి అనరు గానీ వాళ్ళ భయం వేరే. లెయిటీ చదువుకుంటే తిరగబడ్తరు, అదుపుల ఉండరు అని. అట్లయితే రోమ్ విచారించిన వాళ్ళ పేర్లు తీసి చూడండి. మన దేశంల ఏండ్ల తరబడి పాఠం చెప్పిన జాక్ దుపుయి జెస్యూట్ ఫాదర్, ఆయన పుస్తకం మీద 2001ల రోమ్ నుంచి నోటిఫికేషన్, అంటే హెచ్చరిక పత్రం, వచ్చింది. శ్రీలంకల తిస్స బాలసూర్య గూడ ఫాదరే, 1997 జనవరిల సభ నుంచి వెలి వేసిండ్రు, మరుసటి ఏడాది జనవరిల ఆ శిక్ష ఎత్తేసిండ్రు. ఇద్దరు గురువులే, లెయిటీ కాదు. థియాలజీ చెప్పాలంటే ఎవరైనా సరే సంబంధిత అధికారి అనుమతి తీసుకోవాలని 812వ కానన్ ఉండనే ఉంది, రోమ్ అధికారం మీద నడిచే పొంటిఫికల్ ఫ్యాకల్టీల స్థిరమైన ప్రొఫెసర్ కావాలంటే రోమ్ నుంచి నిహిల్ ఓబ్స్తాత్, అంటే అభ్యంతరం లేదనే కాగితం, రావాలె. అంటే అదుపు పెట్టుకునే తాళాలన్నీ వాళ్ళ దగ్గరనే ఉన్నయి, లెయిటీకి అవి ఎట్లాగూ వర్తిస్తయి. నాకు భయం ఇంకో దిక్కు ఉంది. కాగితం మీద పోస్టు లేని మనిషిని ఎప్పుడంటే అప్పుడు "రేపటి నుంచి రావద్దు" అనొచ్చు, అందుకే నాలాంటోళ్ళు క్లాసుల నిజం చెప్పేముందు రెండుసార్లు ఆలోచిస్తరు. గౌదియుమ్ ఎత్ స్పేస్ చెప్పిన ఆ స్వేచ్ఛ జీతం లేకపోతే ఉత్త మాటనే.

కులం సంగతి చెప్పకుండ ఇది పూర్తి కాదు. మా దిక్కు కతోలికులల్ల ఎక్కువమందిమి మాల, మాదిగ ఇండ్లోళ్ళమే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం తీసుకున్న దళితులకు ఎస్సీ హోదా లేదు, మనకు దక్కింది బీసీ-సి, ఒక్క శాతం రిజర్వేషన్. అంటే సర్కారు దగ్గర చదువుకు వచ్చే సాయం అక్కడనే తగ్గిపోతది. సర్కారు ఇయ్యంది సభ ఇయ్యాలె గదా, సభ గూడ ఇయ్యకపోతే థియాలజీ పైచదువు ఎవరికి మిగుల్తది? ఆస్తి ఉన్నోళ్ళకు, లేకపోతే సెమినరీల చేరినోళ్ళకు. 2016ల మన దేశ బిషప్పులే దళిత పాలసీ అని పత్రం తెచ్చిండ్రు. 2022 ఆగస్టు 27న మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) పూల ఆంథోనీ గారు కార్డినల్, అంటే పోపు కింద పెద్ద హోదా ఉన్న సభా పెద్ద, అయిండ్రు, తెలుగోళ్ళల్ల మొదటి కార్డినల్, దళితులల్ల గూడ మొదటి కార్డినల్. ఆనాడు మా వాడల పటాకులు కాల్చినం. ఆ ఎర్ర టోపీ చూసి మా పిల్లలు తలెత్తిండ్రు, ఆ మాట నిజం. ఇప్పుడు ఆ వాడ నుంచే ఒక ఆడపిల్ల థియాలజీ ప్రొఫెసర్ కావాలని నేను కోరుకుంటున్న, పటాకులు మళ్ళ నేనే కొంట.

బయటి దేశాల గురించి గూడ అడుగుతున్నరు. అమెరికాల కతోలిక థియాలజీ చెప్పేటోళ్ళల్ల ఇప్పుడు లెయిటీనే ఎక్కువ. నోటర్‌డామ్, బోస్టన్ కాలేజ్ లాంటి జాగల పీహెచ్.డీ. సీటు వస్తే ఫీజు మాఫీ, నెలకింత స్టైపెండ్ ఉంటది, కానీ సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలె, చదువైనంక నౌకర్లు గూడ తగ్గినయి, చిన్న కతోలిక కాలేజీలు మూతపడ్తున్నయి, ఏడాదికేడాది కాంట్రాక్టు మీద చెప్పేటోళ్ళు అక్కడ గూడ మస్తు ఉన్నరు. జర్మనీల సర్కారు యూనివర్సిటీలల్లనే కతోలిక థియాలజీ ఫ్యాకల్టీలు ఉన్నయి, ట్యూబింగెన్, మ్యూన్‌స్టర్ అట్ల, లెయిటీ ప్రొఫెసర్లు ఉన్నరు, విచారణల్ల జీతం తీసుకొని పనిచేసే లెయిటీ థియాలజీ వాళ్ళున్నరు. వాళ్ళకు చర్చి టాక్సు ఉంది, మనకు లేదు, అంత మన దగ్గర కాదని నాకూ తెలుసు. బెల్జియంల లూవెన్‌ల ఇంగ్లీషుల చదవొచ్చు. రోమ్ పోతే ముందు ఇటాలియన్ నేర్చుకోవాలె. ఎక్కడికి పోయినా బ్యాంకు లోన్ తీసుకొని మాత్రం పోవద్దు, ఈ చదువు లోన్ తీర్చే చదువు కాదు. స్కాలర్‌షిప్ రాకపోతే ఆగండి, మళ్ళ అప్లై చెయ్యండి.

దేవరకొండ దిక్కు నుంచి ఒక బీఎస్సీ పిల్ల మొన్న ఎండకాలం మా ఇంటికొచ్చింది, వాళ్ళ నాయినను గూడ తోలుకొచ్చింది, ఆయన ఆటో నడుపుతడు. ఆమెకు నేను చెప్పింది ఇది. ముందు బి.ఎడ్. పూర్తి చెయ్యి బిడ్డా, అది నీ అన్నం. ఆ రెండేండ్లల్ల గ్రీకు అక్షరాలు, మొదటి వ్యాకరణం నా దగ్గర నేర్చుకో, ఫీజు లేదు. ఇంగ్లీషుల రోజుకు ఒక పేజీ రాయి. ఆ తర్వాత బిషప్ గారికి కాగితం పెడదాం, నోటిమాట వద్దు. అందుల ఏముండాల్నంటే, చదువు ఖర్చు మేత్రాసనం భరిస్తది, చదివొచ్చినంక ఐదేండ్లు మేత్రాసనంల పనిచేస్త, ఆ ఐదేండ్లు స్కూల్ టీచరుకు తగ్గకుండ జీతం, పీఎఫ్, ప్రసూతి సెలవు ఉంటయి. ప్రసూతి సెలవు అనంగనే వాళ్ళ నాయిన నవ్విండు, పిల్ల నవ్వలే, రాసుకున్నది.

వాళ్ళ విచారణ ఫాదర్ చదివి సంతకం పెట్టి పంపిండ్రు. ఇంతవరకు జవాబు రాలే. క్రిస్మస్ దాక చూస్తం, రాకపోతే ఈసారి పారిష్ కౌన్సిల్ తీర్మానం జోడించి మళ్ళ పంపుతం, కౌన్సిల్ల నలుగురితో ఇప్పటికే మాట్లాడిన. మీ విచారణల గూడ ఇట్లాంటి పిల్ల ఉంటే ఆ కాగితం నకలు నా దగ్గర ఉంది, అడగండి, పంపుత.